నలభైలో ఒక్కటి

మా భోజనాల బల్లకు నాలుగు కుర్చీలు. ఆ ఏడు వానలు మొదలయ్యేనాటికి రెండింట్లోనే మనుషులం కూర్చుంటున్నాం, నేనూ మా అమ్మాయీ. మూడోది మా ఆవిడది. ఆమె పోయి అప్పటికి నాలుగు నెలలు. నాలుగోదాని మీద ఇస్త్రీ చెయ్యాల్సిన బట్టలు ఎప్పటి నుంచో కాపురముంటున్నాయి.

ఆ నాలుగు నెలల్లో మేమిద్దరం మాట్లాడుకున్న మాటలు ఒక పేజీకి సరిపోవు. "టీ పెట్టనా", "తాళం తీసుకెళ్ళావా", "గ్యాస్ అయిపోవచ్చింది". అంతకంటే కావలసిన మాట ఒకటుంది. దాని చుట్టూ ఇద్దరం జాగ్రత్తగా నడిచేవాళ్ళం. మా ఆవిడ రిపోర్టు వచ్చిన రోజు డాక్టరు నాకు చెప్పింది ఒకటి, నేను ఇంటికొచ్చి ఆమెకు చెప్పింది ఒకటి. "తగ్గుముఖం పట్టిందట" అన్నాను. ఆమె నమ్మింది. వాళ్ళక్కను చూసి రావాలని పెట్టె సర్దుకున్న మనిషి, "చలి తగ్గాక తీరిగ్గా వెళ్తాలే" అని సర్దిన బట్టలు మళ్ళీ బీరువాలో పెట్టుకుంది. చలి ఇంకా ఉండగానే పోయింది. అసలు సంగతి అమ్మాయికి ఆ తర్వాత తెలిసింది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఇద్దరికీ తేలికపడేది.

నేను బడిలో లెక్కలు చెబుతాను. ముప్పై ఏళ్ళుగా నా పేరు "రెండు మార్కుల మాస్టారు". ముప్పై మూడు దగ్గర ఆగిపోయిన పేపరును మళ్ళీ తిరగేసి, ఎక్కడో ఒక మెట్టు దగ్గర రెండు మార్కులు దొరకబుచ్చుకుని ముప్పై అయిదు చేసేవాణ్ణి. పిల్లలు పెద్దవాళ్ళై వీధిలో కనపడితే చేతులు పట్టుకునేవాళ్ళు. "నీది జాలి కాదు, ఎదుటివాళ్ళు ఏడుస్తుంటే చూసే ఓపిక లేదు నీకు" అనేది మా ఆవిడ. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి.

మొదటి వాన పడిన రోజు అమ్మాయి కాలేజీ నుంచి తడిసి వచ్చి, తల తుడుచుకుంటూనే అడిగింది.

"నాన్నా, నీ చేతిరాత కావాలి."

"దేనికమ్మా?"

"ఒక ఆటకి."

ఆమె ఇంజనీరింగ్ కాలేజీలో కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతోంది. పరిశోధనలో కొత్తగా చేరిన పిల్లలకు నిజాయితీ గురించి ఒక క్లాసు ఉంటుంది. ఎవరికీ అక్కర్లేని క్లాసు. అందరికంటే చిన్నది కాబట్టి ఈమె నెత్తిన పడింది. అంతకుముందు చెప్పినాయన అరవై స్లైడ్లు గడగడా చదివి, చివర్లో సంతకాలు పెట్టించుకుని పంపేసేవాడట.

"దొంగతనం తప్పని దొంగకీ తెలుసు నాన్నా. చెప్పి ఏం లాభం? పక్కవాడు లెక్క మారుస్తుంటే చూసినప్పుడు చెప్పాలా వద్దా అని ఎలా ఉంటుందో, అది తెలియాలి. స్లైడులో అది రాదు. ఆటలో వస్తుంది."

నాలుగు నెలల తర్వాత ఆమె నాతో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. నాలుగో కుర్చీ మీది బట్టలు తీసి మంచం మీద పడేసి, బల్లంతా అట్టలు పరిచాను.

ఆట ఇదీ. బల్లకు నలుగురు. ఒక్కొక్కరూ ఒక పరిశోధక విద్యార్థి. వంతు వచ్చినప్పుడు తెల్ల కట్టలోంచి ఒక ఫలితం తీయాలి. మంచి ఫలితాలు ఆరు పోగైతే పట్టా వచ్చినట్టు. చెడ్డ ఫలితం వస్తే రెండు దారులు. అందరికీ చూపించి ఒక వంతు పోగొట్టుకోవచ్చు. లేదా బోర్లా పెట్టి, మంచిదేనని చెప్పుకోవచ్చు. కుడిపక్కన కూర్చున్నవాడికి మాత్రం ఆ కార్డు ఎత్తి చూసే హక్కు ఉంది. చూసి ఊరుకోవచ్చు. "చెబుతాను" అనవచ్చు. అన్నవాడు మధ్యలో ఉన్న బూడిదరంగు కట్టలోంచి ఒక కార్డు తీయాలి. చెప్పిన తర్వాత అతనికేమైందో అందులో రాసి ఉంటుంది; అది చెడ్డదైతే అతనికే ఒక వంతు పోతుంది, బోర్లా కార్డు మంచిదిగా చెల్లిపోతుంది. తీసిన కార్డు మళ్ళీ కట్టలో కలిపేయాలి.

ఆ బూడిదరంగు కట్టే అసలు సంగతి. తల్లి మంచాన ఉన్న రోజుల్లో, ఆసుపత్రి వరండాలో కూర్చుని అమ్మాయి ఎవరెవరికో ఫోన్లు చేస్తూ ఉండేది. ఉద్యోగం పనులనుకున్నాను. ఎప్పుడో ఒకప్పుడు తమ ల్యాబ్‌లో జరిగిన మోసం గురించి నోరు విప్పినవాళ్ళను వెతికి పట్టుకుని, తర్వాత ఏమైందని అడుగుతూ వచ్చిందట. నలభై మంది దొరికారు. పేర్లు బయటపెట్టనని, చెప్పిన మాటలో ఒక్క అక్షరం మార్చనని ఒక్కొక్కరికీ మాటిచ్చింది. నలభై మందివి నలభై వాక్యాలు.

నేను బూడిదరంగు అట్ట మీద నల్ల సిరాతో రాస్తూ పోయాను. 'కమిటీ వేశారు. కమిటీలో మా గైడే ఉన్నాడు.' 'ఉత్తరం అందిందన్నారు. అంతే.' 'అయిదో ఏట మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను.' 'ల్యాబ్‌లో నాతో ఎవరూ టీ తాగరు.' 'నేను చెప్పింది నిజమని తేలింది. అప్పటికి నేను అక్కడ లేను.'

ఇరవై దాటాక కలం ఆపాను.

"మంచిది ఒక్కటీ లేదా తల్లీ?"

"ఉంది. ముప్పై ఏడోది."

తిరగేశాను. 'విన్నారు. ఆ పట్టిక తీసేశారు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు.'

"నలభైకి ఒక్కటా?"

"నాకు దొరికింది అంతే మరి. నలభైకి పది దొరికుంటే పది పెట్టేదాన్ని."

మొదటి క్లాసుకు పెట్టెలు మోసుకుంటూ నేనూ వెళ్ళాను. ఇరవై నలుగురు పిల్లలు, ఆరు బల్లలు. వెనక బెంచీలో కూర్చున్నాను. అందరికంటే గట్టిగా వినపడే గొంతు ఒకడిది. వాణ్ణి అందరూ లాయరు అంటారు. వాడి బల్ల మీదే, వాడికి కుడిపక్కన, ఒక సన్నటి అమ్మాయి కూర్చుంది. చేతిలో స్టీలు స్కేలు. నోటుబుక్కులో గీతలు గీసుకుని, ప్రతి కార్డూ రాసుకుంటోంది. ఆమె పేరు కూడా స్కేలే అయిపోయింది.

"మేడమ్, ఇది ఆట కాదు, మా సీనియర్ల జీవితచరిత్ర" అన్నాడు లాయరు.

అందరూ నవ్వారు. మా అమ్మాయి కూడా నవ్వింది. ఆ నవ్వు విని చాలా రోజులైంది.

లాయరు ఒక కార్డు బోర్లా పెట్టాడు. స్కేలు ఎత్తి చూసింది. "చెబుతాను" అంది.

"ఒసేయ్, నేను నీ ఫ్రెండుని!"

"అయితే బోర్లా ఎందుకు పెట్టావు?"

బూడిదరంగు కార్డు తీసి చదివింది. 'ముందు నీ హాజరు సంగతి చూసుకో అన్నారు.' ఒక వంతు పోయింది. మళ్ళీ ఎత్తి చూసింది, మళ్ళీ చెబుతానంది. ఇంకో వంతు పోయింది. గంటలో లాయరుకు పట్టా వచ్చింది, ఆమె దగ్గర మాత్రం రెండు ఫలితాలున్నాయి.

"స్కేలూ, నీకు పట్టా వచ్చేసరికి నా మనవళ్ళకి కూడా వచ్చేస్తుంది" అన్నాడు వాడు.

ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు వెళ్ళి చూసేవాణ్ణి. మూడో వారానికి పిల్లలంతా ఆటలో ఆరితేరారు. ఎవరూ ఎవరి కార్డూ ఎత్తి చూడటం లేదు. బల్లల చుట్టూ నిశ్శబ్దంగా, చకచకా పట్టాలు వచ్చేస్తున్నాయి. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టుంది వ్యవహారం. స్కేలు ఒక్కతే ఇంకా చూస్తోంది, చెబుతోంది, ఓడిపోతోంది. ఓడిన ప్రతిసారీ గీసిన గడిలో ఒక గీత పెట్టుకుంటోంది. నాలుగో వారం గంట కొట్టాక అందరూ వెళ్ళిపోయినా ఆమె కార్డులు సర్దుతూ కూర్చుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ముప్పై మూడు మార్కుల దగ్గర ఆగిపోయిన పిల్లల ముఖం నాకు బాగా తెలుసు.

ఆ వారమే వాళ్ళ డిపార్టుమెంటు హెడ్‌గారు మా అమ్మాయిని గదికి పిలిచారు. ఆమె ఇంటికొచ్చి, సంచి కూడా దించకుండా చెప్పింది.

"పిల్లలు దిగులుగా బయటికొస్తున్నారట. టర్ము మొదట్లో సర్వే చేశాం కదా, 'తప్పు కంటపడితే చెబుతారా' అని. ఇరవై నలుగురిలో ఆరుగురు చెబుతామన్నారు. టర్ము చివర ఆ అంకె పెరగాలట. పెరిగితే పరిశోధన పేపరు అచ్చవుతుంది, పేపరు వస్తే ఉద్యోగం పర్మనెంటు. పెరక్కపోతే వచ్చే ఏడు మళ్ళీ అరవై స్లైడ్లే."

"మరి కొంచెం మార్చకూడదా? పిల్లలకి ఆశ ఉండాలి కదమ్మా."

"ఆశ ఉంది. నలభైలో ఒకటి."

"అది ఆశా?"

"అది లెక్క నాన్నా. అంత తక్కువని తెలిసి కూడా ఒకళ్ళు చెబుతారు చూడు, వాళ్ళ కోసం ఈ ఆట. ఎక్కువని చెప్పి పంపిస్తే వాళ్ళని గోతిలోకి తోసినట్టే." సంచి దించి కుర్చీకి తగిలించింది. "కుర్రాళ్ళు ఏడిస్తే ఏడవనీ. ఇక్కడ ఏడిస్తే పోయేదేముంది, అట్టముక్కలేగా."

శుక్రవారం పెద్ద వాన. వాళ్ళ స్టాఫ్ గది కప్పు కారి, అలమారలో ఉన్న పెట్టెలు తడిసిపోయాయి. సిరా పాకి, అక్షరాలు అలుక్కుపోయి, ఆరు కట్టలూ పనికిరాకుండా పోయాయి. శనివారం నాకు సెలవు. అమ్మాయికి కాలేజీ ఉంది. నలభై వాక్యాల కాగితం బల్ల మీద పెట్టి, "నాన్నా, సోమవారానికి అవుతాయా?" అంది.

"నువ్వు వెళ్ళు. నేను చూసుకుంటాగా."

ఆమె వెళ్ళిన కాసేపటికే మొదటి కట్టలో పదిహేను దాకా వచ్చాను. కిటికీ బయట వాన సన్నగా పడుతోంది. 'ఇంట్లో ఇంకా చదువుతున్నాననే చెబుతున్నాను' అన్న వాక్యం దగ్గర నా చెయ్యి ఆగింది. అంతకుముందు కూడా అది రాశాను. ఈసారి రాయబుద్ధి కాలేదు. దాన్ని వదిలేసి, ఆ అట్ట మీద 'విన్నారు. ఆ పట్టిక తీసేశారు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు' అని రాశాను.

అలా ఏడు. ఏడుగురిని వదిలేశాను. ఎవరి మాట రాయడానికి మనసొప్పలేదో వాళ్ళని. ఆ స్థానాల్లో ఒకే మాట ఏడుసార్లు రాశాను. ఉన్నదాన్ని కొంచెం పెంచాను, లేనిదాన్ని పుట్టించలేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. సాయంత్రానికి ఆరు కట్టలూ తయారు. ఒక్కో కట్టలో సరిగ్గా నలభై.

అమ్మాయి వచ్చి, ఒక కట్ట తీసి వేలితో అంచు నిమిరి, "ముత్యాల్లా ఉన్నాయి" అని పెట్టెలో పెట్టేసింది. లెక్కపెట్టలేదు.

ఆ తర్వాతి నాలుగు వారాలూ నేను క్లాసుకు వెళ్ళలేదు గానీ, మా ఇంట్లో మనుషులు తిరుగుతున్నట్టుండేది. అయిదో వారం స్కేలు "చెబుతాను" అని కార్డు తీసి చదివిందట, 'విన్నారు' అని. బల్లంతా చప్పట్లట. లాయరు లేచి నిలబడి ఆమెకు సెల్యూట్ చేశాడట. ఆ తర్వాతి క్లాసు నుంచి మిగతా బల్లల దగ్గర కూడా ఎత్తి చూడటాలు మొదలయ్యాయి.

"అదృష్టం తిరిగింది నాన్నా వాళ్ళకి! ఆ ఒక్క కార్డే ఎలా వస్తోందో మాటిమాటికీ!" గుడ్లు వేయిస్తూ చెప్పింది అమ్మాయి. వెనక్కి తిరిగి ఉంది కాబట్టి నా ముఖం చూడలేదు.

క్లాసులో ఆమె ఆరు బల్లల మధ్య తిరుగుతూ ఉంటుంది. ఏ బల్ల దగ్గర వచ్చినా, అది తనకు తెలిసిన కార్డే. అనుమానించడానికేమీ లేదు. చెప్పెయ్యాలని నాలుక చివరిదాకా వచ్చేది. గుడ్డు మీద ఉప్పు చల్లుతూ ఆమె కూనిరాగం తీసేది. నేను మింగేసేవాణ్ణి.

టర్ము చివరి సర్వేలో ఇరవై నలుగురిలో పదిహేడుమంది చెబుతామని రాశారు. అమ్మాయి పేపరు రాసింది. హెడ్‌గారు ఆయన పేరు కూడా చేర్చి పంపించారు. తీసుకుంటున్నామని రెండు వారాల్లో పత్రిక నుంచి జవాబొచ్చింది. ఆ సాయంత్రం ఆమె తల్లి కుర్చీలో కూర్చుని టీ తాగింది. అప్పటిదాకా దాంట్లో ఎవరం కూర్చోలేదు.

వానలు వెనకబట్టిన రోజుల్లో, ఒక ఆదివారం మధ్యాహ్నం, స్కేలు మా ఇంటికి వచ్చింది. చెప్పులు బయట విడిచి, గుమ్మంలోనే నిలబడిపోయింది.

"రామ్మా, కూర్చో" అన్నాను.

"పర్లేదు మాస్టారూ." అని, ఏదో గుర్తొచ్చినట్టు కూర్చుంది. నాలుగో కుర్చీలో.

అమ్మాయి మంచినీళ్ళిచ్చి ఎదురుగా కూర్చుంది. "ఏమైంది? క్లాసులకి రావట్లేదటగా?"

ఆ పిల్ల నీళ్ళు తాగి, గ్లాసు చప్పుడు కాకుండా పెట్టింది. "మా గైడు సంగతి హెడ్‌గారికి రాసిచ్చాను మేడమ్."

వాళ్ళది కాంక్రీటు ల్యాబ్. సిమెంటు, ఇసుక, కంకర కలిపి క్యూబులు పోస్తారు. వాటిని ఇరవై ఎనిమిది రోజులు నీళ్ళ తొట్టిలో నానబెట్టి, తర్వాత యంత్రం కింద నలగ్గొట్టి, ఎంత బరువుకు పగిలాయో రాసుకోవాలి. ఒక ఉదయం ఆమె తొట్టిలో క్యూబులు లెక్కపెట్టి వచ్చి చూస్తే, వాటి బలం అప్పటికే పట్టికలో ఎక్కి ఉంది.

"క్యూబులు ఇంకా నీళ్ళలోనే ఉన్నాయి మేడమ్. ఇంకా తొమ్మిది రోజులు ఉండాలి. చెయ్యి పెట్టి చూశాను కూడా. ఉన్నాయి."

"ఎప్పుడు ఇచ్చావు?"

"మూడు వారాలైంది. మర్నాడే ల్యాబ్ తాళంచెవి తీసేసుకున్నారు. గైడుని మార్చుకోమన్నారు. మిగతా పదిమంది గైడ్ల గదులకీ వెళ్ళాను. తొమ్మిదిమంది ఖాళీ లేదన్నారు. ఒకాయన తలుపే తీయలేదు." ఆమె నవ్వడానికి ప్రయత్నించింది. "నెలాఖరుకి హాస్టల్ ఖాళీ చెయ్యాలి."

మా అమ్మాయి ఆమె చెయ్యి పట్టుకుంది. "నాతో ముందు ఒక్కమాట అనకూడదా? నలభైలో ఒకటని తెలిసి కూడా..."

"ఒకటి కాదు కదా మేడమ్. ఎనిమిది."

"ఎనిమిదేంటి?"

ఆ పిల్ల సంచిలోంచి నోటుబుక్కు తీసింది. స్కేలుతో గీసిన గడులు, వాటి నిండా నిలువు గీతలు. "మొదటి నాలుగు వారాల్లో మా బల్ల మీద అరవై మూడుసార్లు తీశాం. రెండుసార్లు వచ్చింది. వాన తర్వాత నూటపది సార్లు తీశాం. ఇరవై మూడుసార్లు వచ్చింది. ఏదో మారిందనిపించి, ఒకరోజు కట్ట విప్పి లెక్కపెట్టాను. మీరు ఇంకొంతమందితో మాట్లాడి కొత్తగా రాయించారనుకున్నా." పేజీ అంచును స్కేలుతో నొక్కి పెట్టింది. "అయిదింట ఒకటి. నాకు ఆ మాత్రం చాలనిపించింది మేడమ్. నలభైలో ఒకటైతే నాకంత ధైర్యం లేదు. మా ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు."

మా అమ్మాయి లేచి లోపలికి వెళ్ళి ఒక పెట్టె తెచ్చింది. బూడిదరంగు కట్ట విప్పి, బల్ల మీద వరసలుగా పరిచింది. నేను బడిలో నేర్పించినట్టే, వరసకు పది. తర్వాత ఒక్కొక్కటే వేలు పెట్టి చూసుకుంటూ వచ్చింది. ఎనిమిదోదాని మీద వేలు ఆగింది.

నా వైపు చూడలేదు.

"తప్పు నాది" అంది ఆ పిల్లతో. "కట్ట సరిచూసుకోకుండా మీ ముందు పెట్టాను. ఉన్నది ఒక్కటే."

ఆ పిల్లకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఆ కొంతసేపూ నేను అక్కడే కూర్చుని ఉన్నాను. నోరు తెరిస్తే నా పని తేలికవుతుందని తెలుసు. తెరవలేదు. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

"అయితే మిగతా ఏడుగురు?" అని అడిగింది చివరికి. "వాళ్ళకేమైంది?"

మా అమ్మాయి నలభై వాక్యాల కాగితం తీసి ఆమె చేతికిచ్చింది. ఆ పిల్ల నిలబడే చదివింది. ఒకచోట ఆగింది. ఎక్కడో నేను అడగలేదు. కాగితం మడిచి తిరిగి ఇచ్చేసి, చెప్పులు తొడుక్కుని, "వస్తాను మాస్టారూ" అని నాకు కూడా చెప్పి వెళ్ళింది. స్కేలు బల్ల మీదే మర్చిపోయింది.

ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూసి, అమ్మాయి లోపలికొచ్చింది.

"ఎవరెవర్ని తీసేశావు?"

చెప్పాను. ఏడు వాక్యాలూ నాకు నోటికి వచ్చు.

"వాళ్ళకి నేను మాటిచ్చాను."

"చెబితే నువ్వు ఒప్పుకోవనీ..."

"ఒప్పుకోను."

"పిల్లలు దిగులుపడుతుంటే చూడలేక..."

"అమ్మ పెద్దమ్మని చూడకుండానే పోయింది నాన్నా."

అంతే. గొంతు పెంచలేదు. పరిచిన కార్డులు పోగు చేసి, అంచులు బల్ల మీద తట్టి సరిచేసి, రబ్బరు బ్యాండు వేసింది. ఆ తర్వాత టీ పెట్టింది. రెండు కప్పులూ తెచ్చింది. తనది నిలబడే తాగింది.

సోమవారం పేపరు వెనక్కి తీసుకుంటూ ఉత్తరం రాసింది. 'అయిదో వారం నుంచి వాడిన కట్టలు మేము చెప్పిన లెక్క ప్రకారం లేవు. నేను తనిఖీ చేయలేదు' అని. ఎవరు మార్చారో రాయలేదు. ఎందుకు తనిఖీ చేయలేదో కూడా రాయలేదు. నేను గుచ్చి గుచ్చి అడిగితే, "నీ చేతిరాత కదా" అంది. స్కేలు విషయంలో ఆమెతో కలిసి మూడుసార్లు హెడ్‌గారి దగ్గరికి వెళ్ళింది. మూడోసారి ఆయన ఇద్దరికీ టీ ఇప్పించి, సంగతి కమిటీకి వెళ్ళిందన్నారట. కమిటీలో ఎవరెవరున్నారని మా అమ్మాయి అడిగిందట. టీ చల్లారిపోతోందన్నారట ఆయన.

"నేను వెళ్ళి నిజం చెబుతాను" అన్నాను.

"వద్దు. ఇప్పుడు నీకు బరువు దించుకోవాలని ఉంది. అంతేగా?"

అయినా వెళ్ళాను. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఒకరి గది ముందు పిల్లాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాను. హెడ్‌గారు కుర్చీ చూపించారు. మొత్తం చెప్పాను. శనివారం, వాన, ఏడుగురు. ఆయన శ్రద్ధగా విని, బల్ల మీదుగా ముందుకు వంగారు.

"మాస్టారూ, మీరేం కంగారుపడకండి. పిల్లల మనసు తెలిసినవాళ్ళు మీరు. అసలు ఆ ఆటకి ప్రాణం పోసింది మీరే."

"ఒక పిల్ల చదువు పోయిందండీ."

"ఆ అమ్మాయిది వేరే సంగతి. కొంచెం సున్నితమైన మనిషి." ఆయన గడియారం చూసుకున్నారు. "మీ అమ్మాయికి మీరైనా చెప్పండి. బంగారంలాంటి పేపరు చేజేతులా పాడుచేసుకుంది. మొండిది."

ఎంత పెద్ద శిక్ష వేస్తారో అని వెళ్ళినవాణ్ణి, మెచ్చుకోలు నెత్తిన పెట్టుకుని బయటికొచ్చాను. మెట్ల దగ్గర లాయరు కనిపించాడు. నన్ను చూసి, చూడనట్టు పక్కకు తిరిగాడు. తర్వాత మనసు మార్చుకుని దగ్గరికొచ్చాడు.

"స్కేలు నిన్న వెళ్ళిపోయింది మాస్టారూ. బస్సు ఎక్కించి వచ్చాను. ఇంట్లో సెలవులని చెబుతుందట."

స్టీలు స్కేలు చేతిసంచిలో ఉంది, ఆమెకిద్దామని తెచ్చాను. వాడికిచ్చాను. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇప్పుడు ఇదెక్కడికి పంపను?" అన్నాడు.

అమ్మాయి కాంట్రాక్టు పొడిగించలేదు. ఆమెకు వేరే ఊళ్ళో, ఒక పరికరాల కంపెనీలో, తూకాలు సరిచూసే పని దొరికింది. వెళ్ళే ముందు ఆ ఏడుగురికీ ఫోన్ చేసి జరిగింది చెప్పింది. పక్క గదిలోంచి ఏడుసార్లు ఆమె "క్షమించండి" అనడం విన్నాను. ఏడోసారి కూడా నా పేరెత్తలేదు. బీరువాలోంచి బట్టలు తీసి పెట్టె సర్దుతుంటే నేను గుమ్మంలో నిలబడ్డాను. ఉండమని అనలేదు.

వానలు పూర్తిగా వెలిశాక, ఆమె స్థానంలో చేరిన కొత్త టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. మర్యాదస్తురాలు. కట్టలు నలిగిపోయాయట, కొత్తగా ఆరు రాసిపెడతారా అని అడిగింది. రాస్తానన్నాను. ఈసారి నలభై ఒకటి రాశాను. నలభై మందీ ఎవరి స్థానంలో వాళ్ళున్నారు. 'విన్నారు' ఒక్కటే. నలభై ఒకటో కార్డు మా అమ్మాయి పోస్టులో పంపింది, వేరే ఉత్తరమేమీ లేకుండా, చిన్న కాగితం మీద ఆ ఒక్క వాక్యం: 'క్యూబులు ఇంకా నీళ్ళలోనే ఉన్నాయని చెప్పాను.'

వారం తర్వాత టీచరమ్మ పెట్టె తిరిగి తెచ్చింది. బల్ల మీద పెట్టి కొంచెంసేపు ఇబ్బందిగా నిలబడింది.

"మీ కష్టం వృథా అయిందని ఏమీ అనుకోకండి మాస్టారూ. వీటితో ఆడిస్తే పిల్లలు మరీ దిగులుపడిపోతున్నారు. పాతవే ప్లాస్టిక్ కవర్లేసి వాడుకోమన్నారు హెడ్‌గారు. మీరు రాసినవే కదా అవి కూడా."

"అవును. నేను రాసినవే."

ఎనిమిది 'విన్నారు'లున్న ఆ కట్టలతోనే ఇప్పటికీ అక్కడ ఆడుతున్నారు. ఏటా ఇరవై నలుగురు.

అమ్మాయి ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తుంది. అడగడానికి రెండే ప్రశ్నలుంటాయి ఆమె దగ్గర. భోంచేశావా, బాగున్నావా. భోంచేశాను, బాగున్నాను అంటాను. ఆ టీచరమ్మ పెట్టె ఇచ్చి వెళ్ళిన ఆదివారం కూడా చేసింది.

"భోంచేశావా?"

"చేశాను."

"బాగున్నావా?"

బల్ల మీద పెట్టె ఉంది. మూడు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

"లేదమ్మా" అన్నాను.

అవతల ఏదో యంత్రం ఆగి ఆగి తిరుగుతున్న చప్పుడు వస్తోంది.

"నేనూ బాగాలేను నాన్నా" అని, ఇంకేమైనా అంటుందేమోనని నేను చూస్తుండగానే, ఫోన్ పెట్టేసింది.